పొట్టు లేని గొంతు

నమోదు 611. వెలుగు, మొదటి రోజు

ప్రతి పనిగదిలోనూ రోజుకో నమోదు రాయాలని ఎగువలంకలో నియమం. రాసినదాన్ని ఎవరూ చదవరు. ఆ సంగతి తెలిశాక నేను ఇందులో అబద్ధాలు రాయడం మానేశాను.

రెండు రోజుల చీకటి పోయి ఇవాళ తెల్లారింది. గోడకున్న రబ్బరు తొడుగులోకి భుజం దాకా చెయ్యి దూర్చి, కిటికీ అద్దాన్ని బయటివైపు సోడా నీళ్ళతో తుడిచాను. శుక్రుడి మేఘాల్లో తేలే ఊళ్ళో ఉన్నాక ఈ తద్దినం తప్పదు. తుడవకపోతే మేఘాల పులుపు అద్దాన్ని తినేస్తుంది. తుడుస్తూ, మా కింద తేలే రెండో ఊరు దిగువలంక దీపాలు కనిపిస్తాయేమోనని కిందికి చూశాను. ఇంకా దూరంగానే ఉన్నట్టుంది, ఏమీ కనిపించలేదు.

టీ పెట్టుకుని మిషన్ వేశాను. చేతిలో పులపర్తి వారి పెళ్ళి మిక్సింగ్ ఉంది. శుక్ర మూఢం వెళ్ళగానే ఇక్కడ పెళ్ళిళ్ళు వరస కడతాయి. శుక్రుడి దగ్గరే కాపరం పెట్టి శుక్ర మూఢం పాటించడమేమిటని మా నాన్న అప్పట్లో పురోహితుణ్ణి నిలదీశాడట. మనం చోటు మారాం గానీ పంచాంగం మారలేదుగా అన్నాడట ఆయన.

మిషన్ వెలగగానే కత్తెర తనంతట తాను కొత్తదైపోయింది. కత్తెర అంటే మేమందరం మిక్సింగ్ చేసే సాఫ్ట్‌వేర్. రంగులు మారాయి, అక్షరాలు లావయ్యాయి. అదంతా పోనీలే అనుకున్నాను. కుడిచేతి వైపు మూలలో చేట ఉండాలి. లేదు. దాని చోట పసుపుపచ్చ బొట్టు ఒకటి మెరుస్తోంది. కింద 'తేనె' అని రాసి ఉంది.

చేట మా ప్రాణం. శబ్దాన్ని అందులో పోస్తే మాట ఒకవైపు, మాట కానిది ఇంకోవైపు పడుతుంది. గింజ, పొట్టు అంటాం. అది పొట్టుని పారెయ్యదు, పక్కన కుప్ప పోసి ఉంచుతుంది. అందులో ఎంత తిరిగి కలపాలో మన ఇష్టం. పులపర్తి పెళ్ళికూతురి తండ్రి అప్పగింతల్లో ముక్కు చీదాడు. మిషన్ లెక్కలో అది పొట్టు. నా లెక్కలో ఆ పెళ్ళి మొత్తం అందులోనే ఉంది. తేనెలో పోసి చూశాను. పెళ్ళికూతురు చక్కగా, వార్తలు చదివినట్టు, "వెళ్ళొస్తాను నాన్నా" అంది. ముక్కు చీదడం లేదు. వెక్కిళ్ళు లేవు. పొట్టు ఎక్కడుందని వెతికాను. ఎక్కడా లేదు.

ఈలోగా పక్క వీధి మిక్సింగ్ సెంటర్ ఇస్మాయిల్ భాయ్ తలుపు తోసుకుని వచ్చాడు. పెళ్ళి బేరాల్లో మేమిద్దరం ఉప్పూ నిప్పూ. ఇవాళ మాత్రం కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు.

"చూశావా చెల్లెమ్మా, మన చేట పట్టుకుపోయారు. అడిగారా? చెప్పారా? మన వంటింట్లోకొచ్చి మన గరిటె పట్టుకుపోయినట్టు లేదూ?"

"నీ రెండో మిషన్‌లో ఉందేమో చూడు."

"ఆ పాతదా? దాన్ని లైనుకి తగిలించి ఏడాది దాటింది. బద్ధకమేసి వదిలేశాను." అంటూనే ఆగి, తన బద్ధకాన్ని తనే మెచ్చుకున్నాడు. "అయితే అందులో ఉండాలి."

అతను లేచాక గోంగూర కట్టతో నూకరత్నం వచ్చింది. ఊరి గోంగూర మళ్ళన్నీ ఆవిడ అజమాయిషీలోనే ఉంటాయి. భర్త తాతబ్బాయి దిగువలంకలో గాలితిత్తులు అతికే పనిలో ఉన్నాడు. ఊరిని తేల్చేవి ఆ తిత్తులే, కాబట్టి అతికేవాళ్ళని ఒప్పందం తీరేదాకా కదలనివ్వరు. నెలకోసారి అతని బొమ్మ ఉత్తరం వస్తే నేనే శుభ్రం చేసి ఇస్తాను.

"ఆయ్, వచ్చిందాండి?"

"రాలేదు రత్నం. ఈ వారం రావాలి."

"ఆయ్, రానీండి. గోంగూర లేతది, ఇవాళే వండేసుకోండి, ఆయ్."

ఆవిడ మాట ఆయ్‌తో మొదలై ఆయ్‌తో ముగుస్తుంది. మధ్యలో ఏముందో వినడానికి చేట వెయ్యాలని ఒకసారి ఆటపట్టించాను. ఆయ్, వేసుకోండి అంది.

నమోదు 612. వెలుగు, రెండో రోజు

మిక్సింగ్ వాళ్ళం తొమ్మిది మందిమీ కలిసి తీగ ఆఫీసుకి వెళ్ళాం. రెండు లంకల మధ్యా కబుర్లు మోసే లైనుని తీగ అంటాం. దాని ఆఫీసరు ప్రభంజనరావు. చెడ్డవాడైతే బాగుండేది, తిట్టడానికి వీలుగా ఉండేది. అందరికీ మంచినీళ్ళు ఇప్పించాడు.

"తీగ సన్నగా ఉందండీ. మీరు పొట్టు అంటున్నారే, బరువంతా దానిదే. తేనె మాటల్ని మాత్రం పంపిస్తుంది. అవతల గొంతు మళ్ళీ తయారవుతుంది. ఇకనుంచి ఉత్తరం నెలకోసారి కాదు, వారానికోసారి. జనం సంతోషంగా ఉన్నారు. మీరే చెప్పండి, నేనేం చెయ్యాలి?"

"గొంతు తయారు చేసేదేంటండీ, గొంతు ఉంటది గానీ," అన్నాడు ఇస్మాయిల్ భాయ్. "మా చెవులకి తేడా తెలుసు. ఇది చచ్చిన గొంతు."

ఆఫీసరు నవ్వకుండా రెండు ముక్కలు వినిపించాడు. ఎవరో తాతగారి దీవెన. ఒకటి చేటతో చెరిగింది, ఒకటి తేనె. ఏది ఏదో చెప్పమన్నాడు.

ఇస్మాయిల్ భాయ్ కళ్ళు మూసుకుని విన్నాడు. "ఒకటోది చేట. అందులో ఊపిరి ఉంది." అందరం తలలూపాం. నేను కూడా. నిజానికి అందరికంటే ముందు ఊపింది నేనే.

"ఒకటోది తేనె అండీ," అన్నాడు ఆఫీసరు. "ఊపిరి కూడా అదే వేస్తుంది."

మంచినీళ్ళు తాగి వచ్చేశాం. దారిలో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. ఇంటికొచ్చి గోంగూర వండుకున్నాను. ఉప్పు సరిపోయిందో లేదో కూడా తెలియలేదు. ఇరవై ఏళ్ళుగా చెవులమ్ముకుని బతికినదాన్ని, నాకే తేడా తెలియకపోతే నా గోల దేనికోసం? ఈ ప్రశ్న పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

నమోదు 615. వెలుగు, మొదటి రోజు

చీకటిలో ఉత్తరాలొచ్చాయి. తెల్లారి రత్నానికి తాతబ్బాయి ఉత్తరం వేసి చూపించాను.

బొమ్మలో అతని ఫోటోకి పెదాలు కదులుతున్నాయి. గొంతు అతనిదే.

"రత్నం, బాగున్నావా? నాకు ఇక్కడ ఇల్లు ఇచ్చారు. ఈసారి పంటు వచ్చినప్పుడు పాపను తీసుకుని వచ్చెయ్యి. దిగువలంక కింది గాలిలోకి దిగుతోంది. మళ్ళీ రెండు లంకలూ కలవడానికి ఏళ్ళు పడుతుంది. ఆలోచించకు."

రెండు లంకలూ దగ్గరికి వచ్చిన రోజున వాటి మధ్య తిరిగే పడవే పంటు. ఈసారి పంటు ఒక్కటే, ఒక్కసారే. ఎక్కినవాళ్ళు మళ్ళీ ఎప్పుడు తిరిగి వస్తారో ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు.

రత్నం మళ్ళీ వెయ్యమంది. వేశాను. మూడోసారి వెయ్యబోతుంటే వద్దంది.

"ఈయన మా ఆయన కాదండి."

"గొంతు అతనిదేగా రత్నం."

"గొంతు ఆయనదేనండి. మాట ఆయనది కాదు. మా ఆయనకి నత్తి కదండి. ఇంత పొడుగు మాట ఒక్క గుక్కలో ఎప్పుడన్నాడండి? పెళ్ళిచూపుల్లో నా ఎదురుగా కూచుని మంచినీళ్ళు కావాలని చెప్పడానికే చెమటలు కక్కాడు."

నాకు గుర్తొచ్చింది. మొదటి ఉత్తరం వచ్చినప్పుడు నత్తి కత్తిరించి ఇవ్వమంటావా అని నేనే అడిగాను. మిక్సింగ్‌లో అది మామూలు మర్యాద. ఒక్క ముక్క కూడా తియ్యొద్దని రత్నం చెప్పింది. ఆయన తంటాలు పడి చెప్పింది నేను తంటాలు పడకుండా వింటే ఏం బాగుంటది అంది.

"తేనె సాఫు చేసేసింది. అంతకంటే ఏం లేదు," అన్నాను.

"సాఫు చేసిందో, అదే మాటాడిందో ఎలా తెలుత్తదండి? దిగువలంకలో పనికి మనుషుల్లేరంట. మగోళ్ళ గొంతులు పెట్టి పెళ్ళాల్ని పిలిపిత్తన్నారంట. మళ్ళ దగ్గర అందరూ అదే అనుకుంటన్నారు. ఆయన తిత్తుల మీంచి పడ్డాడో, ఉన్నాడో, ఇంకోత్తిని పెట్టుకున్నాడో. నేను పిల్లనేసుకుని అక్కడ దిగాక ఆయన లేడంటే ఏం చెయ్యనండి? ఏళ్ళతరబడి అక్కడ ఎవరి మొహం చూసి బతకను?"

ఇన్ని మాటల్లో ఒక్క ఆయ్ కూడా లేదు. నేనెప్పుడూ ఆవిడనలా చూడలేదు. భయపడింది.

పంటు వచ్చే వెలుగులో. అంటే ఈ వెలుగు పోయి, మధ్యలో ఒక చీకటి.

నమోదు 616. వెలుగు, రెండో రోజు

ఇవాళ చేసిన పని ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున్నే ఆఫీసరు దగ్గరికి పరుగెత్తాను. తాతబ్బాయి నిక్షేపంగా ఉన్నాడు, ఉత్తరం అతనిదేనని ఒట్టేసి చెప్పాడు. మరి పచ్చి శబ్దం ఇవ్వండి, చేటలో చెరుగుతాను అన్నాను. పచ్చిది ఇక్కడికి రాదు, అవతలే పోతుంది అన్నాడు. ఆ వదంతుల సంగతేమిటని అడిగితే తల పట్టుకున్నాడు. "ఎవరికని చెప్పనండీ? నేను చెప్పినా తేనెలోనే కదా చెప్పాలి."

అతన్ని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. పిలిచింది తాతబ్బాయే. రత్నం నమ్మకపోతే వాళ్ళ కాపరం రెండు మేఘాల పాలవుతుంది. ఇక నాకు కాళ్ళు నిలవలేదు. గదిలో అటూ ఇటూ తిరిగాను, అద్దం తుడిచాను, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాను. అప్పుడు గుర్తొచ్చింది. పొట్టు పారేసే అలవాటు మా వృత్తిలో ఎవరికీ లేదు. తాతబ్బాయి పాత ఉత్తరాల పొట్టంతా నా దగ్గరుంది. అతని తడబాట్లు, మింగిన గుటకలు, పళ్ళ మధ్య ఆగిపోయిన గాలి, అన్నీ.

అది పట్టుకుని ఇస్మాయిల్ భాయ్ ఇంటికి వెళ్ళాను. పాత మిషన్ మీద దుమ్ము దులిపి వేశాడు. మూలలో చేట అలాగే ఉంది. ఇద్దరికీ కళ్ళు చెమర్చాయి. వయసు మీద పడుతోందన్నాడు భాయ్.

నేనేం చెయ్యబోతున్నానో చెప్పాను. అతను గడ్డం గోక్కున్నాడు.

"లేని నత్తి పెడతావా?"

"లేనిది కాదు భాయ్. ఉన్నదే. తేనె తీసేసింది, నేను తిరిగి పెడుతున్నాను."

"అదే చోట పెడతావా?"

నేను పనిలో పడ్డాను. 'వచ్చెయ్యి'కి పాత సంక్రమణం ఉత్తరంలోంచి మూడు తడబాట్లు తెచ్చాను. 'పాప' దగ్గర గుటక వేశాను. 'ఏళ్ళు' ముందు అతను ఎప్పుడూ వదిలే నిట్టూర్పు. గాలితిత్తుల బుసబుస సన్నగా కింద పరిచాను. మా పనిలో మొదటి సూత్రం ఒకటుంది, మొదటి మాటతోనే పట్టెయ్యాలి. వినేవాళ్ళు నమ్మాలో వద్దో అక్కడే తేల్చుకుంటారు. అందుకని మొట్టమొదటి మాట దగ్గర నా దగ్గరున్న వాటిలోకెల్లా గొప్ప తడబాటు పెట్టాను. నాలుగుసార్లు ఆగి, చివరికి బయటపడే 'ర'. ఎక్కడా అతుకు తెలియలేదు.

భాయ్ విని, ఇంకోసారి వేయించుకుని విన్నాడు. "నీ చెయ్యి చెయ్యే చెల్లెమ్మా," అన్నాడు చివరికి. నా జన్మలో ఇంత మంచి మిక్సింగ్ చెయ్యలేదు. ఇంటికి వస్తూ గాలిలో నడిచాను.

నమోదు 617. చీకటి, మొదటి రోజు

దీపాలు వెయ్యగానే రత్నాన్ని పిలిపించాను. పాత మిషన్‌లో చెరిగితే అసలు గొంతు బయటపడిందని చెప్పాను. అబద్ధం నోట్లోంచి నున్నగా జారింది. నాకు నత్తి లేదు మరి.

పాపను కూడా తెచ్చింది. ఆ పిల్ల నా కాళ్ళ దగ్గర కూర్చుని పాత తీగ ముక్కలతో ఆడుకుంటోంది. వేశాను.

"ర... ర... ర... రత్నం, బాగున్నావా..."

రత్నం మొహం విప్పారింది. చేతులు గుండెల దగ్గరికి వెళ్ళాయి. అంతలోనే కిందికి దిగిపోయాయి. ఉత్తరం అయిపోయేదాకా కదలకుండా విని, నా వైపు తిరిగింది.

"ఇది రబ్బరు తొడుగుల ఉత్తరంలోదండి."

మిషన్ కట్టేశాను.

"రబ్బరు తొడుగులు చిరిగిపోయినయ్యి, రెండు జతలు పంపమని అడిగాడు చూడండి, నిరుడు. ఆ రబ్బరు కాడ పడ్డ తిప్పలిది. నాకు ఆ ఉత్తరాలన్నీ నోటికొచ్చండి, రోజూ పడుకోబోయేముందు వింటాను." పాప తల నిమిరింది. "నా పేరు కాడ ఆయన ఎప్పుడూ తడబడలేదండి. లోకంలో ఆయనకి సాఫీగా వచ్చిన మాట అదొక్కటే. మంచినీళ్ళు అడగలేనోడు నన్ను మాత్రం టక్కున పిలిచేవోడు."

భూమి చీలి లోపలికి పోవాలనిపించింది. మాకు కాళ్ళ కింద భూమి కూడా లేదు. ఎన్నెన్నో ఉత్తరాలు చెరిగాను. ప్రతి తడబాటూ విన్నాను. తడబడని చోటు ఒకటుందని ఎప్పుడూ వినలేదు. పొట్టు దాచుకున్నానని గర్వపడ్డానే తప్ప, గింజ వైపు చూడనే లేదు.

"రత్నం, నువ్వు నమ్మాలని చేశాను. అతనే పిలిచాడు, అది నిజం."

"అయ్యుండచ్చండి. ఇప్పుడు తేనె మాటా నమ్మలేను, మీ మాటా నమ్మలేను." కోప్పడలేదు. పాప చేతిలోంచి తీగ ముక్కలు తీసి బల్ల మీద వరసగా పెట్టింది. "పిల్లకి అన్నం వేళయిందండి."

తలుపు మెల్లగా వేసుకుని వెళ్ళిపోయింది. విసిరి కొట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

నమోదు 618. చీకటి, రెండో రోజు

పులపర్తి పెళ్ళి ముందేసుకుని కూర్చున్నాను. ఒక్క ముక్క కూడా కత్తిరించలేకపోయాను. మళ్ళ దగ్గరికి వెళ్ళాను. రత్నం పంటుకి పేరు ఇవ్వడం లేదని అక్కడివాళ్ళు చెప్పారు. ఆవిడ దూరంనుంచి నన్ను చూసి, గోంగూర వైపు వంగింది. కలవాల్సిన కాపరాన్ని నా చేత్తో నేనే ఆపాను. ఇక కూర్చోలేక ఆఫీసరు దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పేశాను. దొంగ మిక్సింగ్‌తో సహా.

అతను తిడతాడనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పచ్చి శబ్దం ఒక అర నిమిషం ఇవ్వగలను. అంతకుమించి తీగ మొయ్యదు. దానికి కూడా ఎవరో ఒకరు తీగ మీద మాట్లాడే తమ వంతు వదులుకోవాలి. మీ మిక్సింగ్ వాళ్ళకి ఈ వారం ఒక వంతుంది కదా."

ఉంది. అది ఇస్మాయిల్ భాయ్‌ది. దిగువలంకలో మంచాన పడ్డ వాళ్ళ అన్నతో మాట్లాడడానికి ఎదురుచూస్తున్నాడు. లంకలు విడిపోయాక వంతులు ఎలా ఉంటాయో ఎవరికీ తెలియదు. అడగడానికి వెళ్ళి గుమ్మంలోనే నిలబడిపోయాను. అతనే నా మొహం చూసి అడిగాడు. చెప్పాను.

"అదే చోట పెడతావా అని ఆ రోజే అడిగాను," అన్నాడు.

"అడిగావు భాయ్."

లోపలికి వెళ్ళి టీ తెచ్చాడు. నేను తాగుతుంటే గోడ వైపు తిరిగి పాత మిషన్ మీద గుడ్డ కప్పాడు, మళ్ళీ తీశాడు.

"మా అన్న తేనెలో కూడా నన్ను తిట్టగలడు. ఆయన తిట్లకి నత్తి లేదు. నా వంతు ఇచ్చెయ్."

నమోదు 619. వెలుగు, మొదటి రోజు

దిగువలంక దీపాలు కనిపిస్తున్నాయి. అద్దం తుడవకుండానే కనిపిస్తున్నాయి, అంత దగ్గరికి వచ్చింది. పంటుకి సామాన్లు మోసేవాళ్ళ గోలతో వీధంతా అదిరిపోతోంది.

రత్నాన్ని తీసుకురావడానికి ఆఫీసరే స్వయంగా వెళ్ళాడు. నేను పిలిస్తే రాదని నాకు తెలుసు. భాయ్ గదిలో పాత మిషన్ ముందు కూర్చోబెట్టాం. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. మిషన్ దగ్గరికి వెళ్ళలేదు, చెయ్యి కూడా వెయ్యలేదు. ఆవిడకి అది కనబడాలని అలా నిలబడ్డాను.

"అవతల ఆయనకి ఏం చెప్పారండి?" అని అడిగింది ఆఫీసరుని.

"మీ ఆవిడ నమ్మడం లేదు, అర నిమిషముంది, చెప్పాల్సింది చెప్పు అన్నామమ్మా."

"అర నిమిషమా," అంది రత్నం. "ఆయనకి గొంతు సవరించుకోడానికే చాలదండి."

మొదలైంది. ముందు తిత్తుల బుసబుస. ఎవరో ఇనుము మీద కొడుతున్నారు. కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత ఒక మనిషి, చాలా దగ్గరగా.

"పి... పి... పి..."

ఆగిపోయింది. గుటక. మళ్ళీ పట్టుకున్నాడు. "పి... పి... పిల్..." మాట పళ్ళ వెనకే ఇరుక్కుంది. అర నిమిషం అయిపోతోంది. ఆఫీసరు పిడికిలి బిగించాడు. నాకు ఆ మాటని చేత్తో పట్టి లాగాలనిపించింది. తర్వాత అవతల మనిషి చిన్నగా నవ్వాడు, తన మీద తనే. ఊపిరి వదిలాడు.

"రత్నం," అన్నాడు.

గాజు మీద నీటిబొట్టు జారినంత సాఫీగా వచ్చింది.

"రత్నం." ఇనుము చప్పుడు. "రత్నం. రత్నం." ఎవరో వెనకనుంచి టైమైపోయిందన్నారు. "రత్నం," అన్నాడు ఇంకోసారి, తీరిగ్గా, ఇంకా రోజంతా ఉన్నట్టు. అంతే, తీగ తెగింది.

ఇస్మాయిల్ భాయ్ తన వంతు అటు వెళ్ళినందుకు కాదు, ఊరికే ఏడుస్తున్నాడు. మళ్ళీ వెయ్యమంటుందేమోనని చూశాను. అడగలేదు. లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"రమ్మన్నాడో వద్దన్నాడో చెప్పనే లేదు కదమ్మా," అన్నాడు ఆఫీసరు మెల్లగా.

"పిలుత్తన్నాడు కదండి," అంది రత్నం. "పంటు ఎన్నింటికండి? పిల్లకి జడేసి తీసుకొత్తాను."

గుమ్మం దాటుతూ నా దగ్గర ఆగింది. నేను తల దించుకున్నాను.

"గోంగూర విత్తనాలు మీ బల్ల మీద పెట్టిత్తానండి. తొట్టెలో వేసుకోండి. నీళ్ళు మరీ పొయ్యకండి, ఆయ్."

ఆ చివరి మాట కోసం నేను ఏమైనా ఇచ్చేదాన్ని.

నమోదు 620. వెలుగు, రెండో రోజు

పంటు వెళ్ళింది. పాప కిటికీలోంచి చెయ్యి ఊపింది. రెండు లంకలూ విడిపోయాయి. దిగువలంక మేఘంలోకి దిగుతుంటే దీపాలు పసుపుపచ్చగా, తర్వాత మసగ్గా, తర్వాత ఏమీ లేకుండా అయిపోయాయి.

చేట గురించి ఆఫీసుకి మళ్ళీ వెళ్దామా అన్నాడు భాయ్. ఏమని చెబుదామన్నాను. మనం తేడా పట్టలేకపోయాం కదా. "మనం కాదు, వినాల్సినవాళ్ళు పడతారని చెబుదాం," అన్నాడు. వెళ్ళి చెప్పాం. ఆఫీసరు కాదనలేదు. వారానికి ఒక అర నిమిషం పచ్చి శబ్దానికి వదిలాడు. ఎవరికి నిజంగా అవసరమో వాళ్ళకి. ఆ పాత మిషన్‌కి అధికారికంగా ఒక బల్ల కూడా ఇచ్చాడు. భాయ్ దాన్ని అప్పుడే రెండుసార్లు తుడిచాడు, తన బద్ధకం సంగతి ఎవరి దగ్గరా ఎత్తడం లేదు.

నమోదు 643. వెలుగు, మొదటి రోజు

రత్నం దగ్గరనుంచి మొదటి ఉత్తరం వచ్చింది. తేనెలో.

ఫోటోకి పెదాలు కదిలాయి. "ఝాన్సీ గారూ, నమస్కారం. మేము క్షేమంగా చేరాము. ఇల్లు సౌకర్యంగా ఉంది. పాప తండ్రిని గుర్తుపట్టింది. మీరు చేసిన సహాయానికి కృతజ్ఞతలు. విత్తనాలు మొలిచాయా?"

ముందు సంతోషపడ్డాను. మొలిచాయని తొట్టె వైపు చూసి చెప్పాను కూడా, ఎదురుగా ఉన్నట్టు. తర్వాత మళ్ళీ వేశాను. గొంతు రత్నానిదే. సందేహం లేదు. ఊపిరి కూడా ఉంది. ఇంకోసారి వేశాను. అద్దం తుడిచాను. తుడుస్తూ కిందికి చూశాను, మేఘం తప్ప ఏమీ లేదు. వచ్చి మళ్ళీ వేశాను. 'సౌకర్యంగా' అంటుందా ఆవిడ? విత్తనాల గురించి ఆవిడకి కాక ఎవరికి తెలుసు? అయినా మొదట్లో లేదు, చివర్లో లేదు, మధ్యలో ఎక్కడా లేదు.

టీ చల్లారిపోయింది. పొయ్యి కట్టేసి తీగ ఆఫీసుకి వెళ్ళాను. ప్రభంజనరావు నన్ను చూడగానే కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

"ఈ వారం పచ్చి వంతు నాకు కావాలండీ."

"ఎవరితో?"

"నూకరత్నంతో."

"ఉత్తరం వచ్చిందిగా ఇవాళ. బాగున్నారనే కదా?"

"బాగున్నామనే ఉంది."

అతను కలం పట్టుకుని ఆగాడు. "మరి అర నిమిషంలో ఆవిడ మీకు ఏం చెప్పాలి?"

"ఏం చెప్పక్కర్లేదండీ. ఆయ్ అంటే చాలు."